పెళ్ళిచూపులకు బయల్దేరి తుమ్మిన కారు

ముందే చెప్పేస్తున్నాను, నేను చెప్పేదాంట్లో సగానికి సగం తగ్గించి పుచ్చుకోండి. మిరపకాయను మునక్కాడంత చేసి చెప్పడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. ఆ రోజుల్లో, అంటే సెల్‌ఫోన్లు ఇంకా గొప్పవాళ్ళ నడుములకే వేలాడుతున్న రోజుల్లో, సత్తెనపల్లి దగ్గర మా ఊళ్ళో కారున్నది మా పెదనాన్నకొక్కడికే. అది ఆయన పెళ్ళినాటిది. దాని బానెట్ మీద ఇద్దరు హాయిగా పడుకోవచ్చు (ముగ్గురు కూడా, కాకపోతే మూడోవాడు కాళ్ళు ముడుచుకోవాలి). ఏటా మిరపకాయ టిక్కీలు, అంటే బస్తాలు, మోసీ మోసీ దానికి ఎంత ఘాటు పట్టిందంటే, అందులో ఎక్కినవాడు ఊరు దాటకముందే కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు.

నా పెళ్ళిచూపులకు వేటపాలెం వెళ్ళాల్సింది ఆ కారులోనే. పిల్ల ఫోటో చూసినప్పటి నుంచీ నాకు అన్నం సయించడం లేదు (పెరుగన్నం సయించేది). ఇంతలో, అదే రోజు మధ్యాహ్నం ఇంకో సంబంధం వాళ్ళు కూడా వస్తున్నారనీ, ఆ కుర్రాడికి బ్యాంకు ఉద్యోగమనీ కబురొచ్చింది. నా దగ్గరున్నది మెకానికల్ డిప్లొమా ఒక్కటే. కాబట్టి అతగాడి కంటే ముందు నేనక్కడ ఉండాలి.

పొద్దున్నే పెదనాన్న తాళం తిప్పాడు. ఇంజను గుడగుడలాడి, సరిగ్గా గేటు దాటబోతుండగా "హాఛ్" మని తుమ్మింది.

"ఆగండాగండి! ఒంటి తుమ్ము!" అంది పెద్దమ్మ.

అందరం దిగి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ ఎక్కాం. మళ్ళీ తుమ్మింది. మళ్ళీ దిగాం. బిందె ఖాళీ అయింది గానీ కారు గేటు దాటలేదు.

"ఏరా ఇంజనీరూ, ఇన్నేళ్ళు చదివావుగా, దీని రోగమేంటో చూడు" అన్నాడు పెదనాన్న.

"మిస్సింగ్ కొడుతోంది పెదనాన్నా. ఏదో ఒక సిలిండరు పని మానేసింది" అని బానెట్ ఎత్తాను. ఇంజను నడుస్తుండగానే ఒక్కో ప్లగ్గు వైరూ పీకి చూశాను. పీకగానే ఇంజను డీలా పడితే ఆ సిలిండరు కష్టపడుతున్నట్టు లెక్క. మూడో వైరు పీకినా ఇంజనుకు చీమ కుట్టినట్టు లేదు. అది ఉన్నా లేకపోయినా ఒకటే (ఇంట్లో అప్పుడు నా స్థితీ అదే). వంగి చూస్తే ప్లగ్గుల మీద పసుపూ కుంకుమా! శుభకార్యం కదా అని పెద్దమ్మ పొద్దున్నే ఇంజనుకు బొట్లు పెట్టింది. మూడో ప్లగ్గుకు మరీ పెద్దది, తడితడిగా కిందికి కారుతోంది. లోపల నిప్పురవ్వ కావాల్సిన కరెంటు ఆ తడి వెంట పక్కదారి పడుతోంది. నేను గుడ్డ తీశాను.

"పెద్దమ్మా, ఈ బొట్టొక్కటి తుడిచేస్తే..."

"శుభమా అని బయల్దేరుతూ బొట్టు చెరుపుతావట్రా!"

"ప్లగ్గు పెద్దమ్మా అది!"

"ప్లగ్గయితే మాత్రం? మీ పెదనాన్న కారుదేగా!"

పెదనాన్న ముఖం పాలిపోయింది. "ఒరేయ్, దాని జోలికి పోమాక. నేనింకా కొన్నాళ్ళు బతకాలి. ఇవాళ్టికి మానుకుందాం, వచ్చే వారం చూద్దాంలే."

వచ్చే వారానికి బ్యాంకు కుర్రాడు శుభలేఖలు పంచేస్తుంటాడు! "ఒక్కసారి, ఒకే ఒక్కసారి స్టార్ట్ చెయ్యి పెదనాన్నా" అని బతిమాలి, మళ్ళీ ఇంజనులోకి తల దూర్చాను. కారు "హాఛ్" మంది. ఆ చప్పుడు ఆగకముందే, అంతకంటే గట్టిగా, ఇంకో "హాఛ్"!

"జంట తుమ్మురోయ్! శుభం! ఎక్కండెక్కండి!" అని పెద్దమ్మ చప్పట్లు కొట్టింది. దారి పొడవునా అది తుమ్ముతూనే ఉంది గానీ, గేటు దాటాక తుమ్ములు లెక్కలోకి రావని ఆవిడే తీర్పు చెప్పింది. చిలకలూరిపేట చేరేసరికి ఇంజను వేడికి పసుపు ఎండిపోయి, రోగం దానంతటదే కుదిరింది. బ్యాంకు కుర్రాడు వచ్చేసరికి మేం పకోడీలు తినేసి, మాట కూడా ఇచ్చేశాం.

ఇందులో సాగదీసి చెప్పినవి మీరే తగ్గించుకోండి. పూర్తిగా కల్పించింది మాత్రం ఒక్కటే, అదీ ఇప్పుడు కాదు, ఆ రోజే. రెండో తుమ్ము కారుది కాదు, నాది. ఆ పిల్ల నాతో కాపురానికొచ్చి ఇన్నేళ్ళయినా తనకీ సంగతి తెలియదు. ఫోటోలో మాత్రమే చూసిన పిల్ల కోసం, కాలే ఇంజనులో తల పెట్టి, గుడ్డ కొస మెలితిప్పి ముక్కులో దూర్చుకున్న ఆ వెర్రికుర్రాడు గుర్తొస్తే, వాణ్ణి దగ్గరికి పిలిచి ముక్కు తుడవాలనిపిస్తుంది.