రెండు కామాల మధ్య చోటు

ఈ పొద్దున కరెంటు పోయి వచ్చింది. బల్ల కింద పాత కంప్యూటర్ డబ్బా గుర్రుమని లేచి, ఫ్యాను తిరగగానే వేడెక్కిన ఊక వాసన వచ్చింది. శ్రీకాకుళంలో మేడ మీదున్న ఆఫీసులో ఊక ఎక్కడిదంటారా? ఆ డబ్బా రాజాం నుంచి నాతో వచ్చింది. అక్కడ మా ఆఫీసు కింద ధాన్యం గొడౌను ఉండేది. దాని దుమ్మంతా ఈ డబ్బా పొట్టలోకి చేరింది. శుభ్రం చేయించమని అందరూ అంటారు. తీరిక లేదని చెబుతుంటాను, అది అబద్ధం. ఆ వాసన వస్తే చాలు, నా కుర్చీ వెనక ఎవరో నిలబడి స్క్రీన్ వైపు వంగినట్టు వీపు బిగుసుకుంటుంది. "సరిగ్గా సూసినావా?" అని అడుగుతున్నట్టుంటుంది. అలా అడిగే మనిషి ఎస్తేరక్క. నాకు పని నేర్పిన మనిషి. నన్ను ఆవిడ అనుమానించినంత ఇంకెవరూ అనుమానించలేదు.

ఎస్తేరక్క వాళ్ళ నాన్న మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరు. మందు సీసా మీద రాసిన పేరు నమ్మకుండా మూత తీసి వాసన చూసేవాడట, ఆ గుణం కూతురికి వచ్చింది. విశాఖలో కొన్నాళ్ళు ఉద్యోగం చేసి, అక్కడి మేనేజర్ల మీద నమ్మకం కుదరక రాజాం వచ్చేసి, స్కూళ్ళకీ కొట్లకీ వెబ్‌సైట్లు చేసే చిన్న ఆఫీసు పెట్టింది. డిగ్రీ అయ్యాక నేను అందులో చేరాను. బజారులో చేప కొంటే మొప్ప ఎత్తి చూసేది, సరే, అందరూ చూస్తారు. ఈవిడ ఆ చేప ఏ ఊరి ఒడ్డున దిగిందో, ఐసు ఎప్పుడు వేశారో అడిగి, పక్క గంప ఆవిడని కూడా అదే అడిగి, రెండు జవాబులూ కలిస్తేనే కొనేది. గుడిలో పాస్టరు గారు మీటింగు టైము చెబితే బయటికొచ్చి మైకు పెట్టినవాణ్ణి మళ్ళీ అడిగేది. ఇలాంటి మనిషి దగ్గర పని చెయ్యడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. టీ తాగి వస్తే, టీకే వెళ్ళానా అని అడిగేది.

మొదటి పాఠం నాకు బాగా గుర్తు. వెబ్ పేజీలు రాసే భాషలో స్ప్లిట్ అని ఒకటుంది. పొడుగాటి అక్షరాల వరుసని దాని చేతికిచ్చి, ఎక్కడ కొయ్యాలో గుర్తు చెబితే, అక్కడల్లా కోసి, ముక్కల్ని వరుసగా గడుల్లో పెట్టేస్తుంది. ఆ గడుల వరుసని అర్రే అంటాం. అక్క నా చేత కూరగాయల పేర్లు టైపు చేయించింది. కామా దగ్గర కొయ్యమంది. నేను ఎక్కడో తొందరలో కామా రెండుసార్లు కొట్టాను. కోసి చూస్తే బెండకాయకీ దొండకాయకీ మధ్య ఒక గడి ఖాళీగా వచ్చింది. ఇంటర్నెట్‌లో అందరూ చేసేదే నేనూ చేశాను, ఖాళీ గడుల్ని ఏరి పారేసే ఒక లైను రాయబోయాను.

"ఆగు. అదెందుకు తీస్తన్నావు?"

"ఖాళీ కదక్కా. అందులో ఏం లేదు."

"ఏటీ నేదని నీకెవులు సెప్పినారు?"

"కనిపిస్తోంది కదా."

"రెండు కామాలు నువ్వెట్టినావు కాబట్టి సెయ్యి జారిందని నీకు తెలుసు. రేపు ఇంకెవులో పంపుతారు. ఆలు కావాలనే ఎట్టినారేమో, అడిగినావా?"

కూరగాయల గురించి ఇంత గోలేమిటని నాకు ఒళ్ళు మండింది. పైకి అనలేదు. ఇంటికెళ్ళాక అమ్మతో మాత్రం అన్నాను, ఈవిడకి పనెక్కువ రాదమ్మా, రాని సంగతి కప్పిపుచ్చుకోడానికి ప్రతిదానికీ అడ్డం పడుతోంది అని. కొన్నాళ్ళు నిజంగానే అలా అనుకున్నాను. ఆవిడ లేనప్పుడు ఆవిడ రాసిన పాత ప్రోగ్రాములు తెరిచి తప్పులు వెతికేదాన్ని. తెలివైన మనిషి దగ్గర పని నేర్చుకుంటే తెలివొస్తుందో లేదో గానీ, అనుమానం మాత్రం అంటుకుంటుంది.

తరవాత మత్స్యకారుల సంఘం వాళ్ళ పని వచ్చింది. గాలీ వానా హెచ్చరిక ఉన్న రోజుల్లో, వేట నుంచి ఎవరెవరు ఒడ్డు చేరారో ఊళ్ళో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. పనికి దూరం పోయిన ఇంటివాళ్ళు ఫోన్లు కలవక కొట్టుకుపోతారు. అందుకని ఒక్కో రేవులో ఒకడు, పడవ రాగానే దాని పేరూ, మనుషుల పేర్లూ కామాలు పెట్టి ఒక మెసేజ్ పంపుతాడు. మా ప్రోగ్రాము దాన్ని కోసి, పడవ పేరు పక్కన పెట్టి, మనుషుల పేర్లని పేజీలో గడులుగా చూపిస్తుంది. ఒక్కో పడవకి ఒక్కో వరుస. గడులన్నీ నిండితే ఆ వరుస ఆకుపచ్చ. ఒక్కటి ఖాళీగా ఉన్నా ఎరుపు. ఈ రంగుల నియమం అక్కదే. గాలి రేగాక ఎరుపు చూస్తే సంఘం వాళ్ళు రేవు నుంచి పెద్ద మోటారు పడవని వెతకడానికి పంపాలి.

పేజీ మొదలైన కొద్ది రోజులకే ఖాళీ గడులు కనిపించడం మొదలైంది. సాయంత్రానికి అవి నిండేవి, కానీ అప్పటిదాకా పేజీ ఎర్రెర్రగా ఉండేది. సంఘం సెక్రటరీ గారు రాజాం వచ్చారు. తెల్ల చొక్కా నలగని మనిషి, సముద్రం వైపు పుట్టినవాడు కాదు. "ఏంటమ్మా ఇది, పళ్ళూడిన నోరులా ఉంది పేజీ. పెద్దాఫీసర్లు చూస్తారు. ఖాళీలు తీసేయండి. మెసేజ్ వచ్చిందంటే పడవ వచ్చినట్టే, ఆకుపచ్చ పెట్టేయండి," అన్నారు. ఆలోచించి చెబుతామని అక్క పంపేసింది. ఆయన చెప్పుల చప్పుడు మెట్ల మీద ఆగేదాకా చూసి తలుపేసింది.

"ఈయనేదో దాస్తన్నాడే. తియ్యమని ఇంత తొందరేటి?"

"బాగోలేదనే కదక్కా అన్నారు."

"బాగోనేకపోతే ఎందుకు బాగోనేదో అడగాల గానీ, తీసీమంటాడేటి. సంఘంలో పేరు లేనోళ్ళని పడవెక్కిస్తన్నారేమో. రేపు ఒడ్డుకెళ్దాం, నాతో రా."

శ్రీకాకుళం దాకా బస్సులో వెళ్ళి, అక్కణ్ణించి శ్రీకూర్మం దాటి ఆటోలో వెళ్ళాం. ఆ రేవు నుంచి మెసేజ్‌లు పంపే ఎర్రయ్య ఇసకలో కూర్చుని వల బాగుచేస్తున్నాడు. ఫోను ప్లాస్టిక్ కవరులో చుట్టి మెడకి కట్టుకున్నాడు. మమ్మల్ని చూడగానే, మీరు గవర్నమెంటోళ్ళా అన్నాడు. కాదన్నాం. నమ్మలేదు. సెక్రటరీ పంపాడా అన్నాడు. కాదన్నాం. అదీ నమ్మలేదు. ఇద్దరు అనుమానం మనుషులు ఎదురెదురుగా కూర్చుంటే మాట కదలడం కష్టం. చివరికి అక్క తన ఫోనులో పేజీ తెరిచి, ఒక ఖాళీ గడి మీద వేలు పెట్టి, "ఇదేటి మావా? సెయ్యి జారిందా, కావాలని ఇడిసిపెట్టినావా?" అని సూటిగా అడిగింది.

అతను వల పక్కన పెట్టాడు. "కావాలనే అమ్మా. నీటి మీదున్నోడి పేరు ఒడ్డునున్నోడు పలకకూడదు. కాలు ఇసక మీద పడినాకే పలుకుతాం. పడవలో ఎవుడి సోటు ఆడికుంటాది కదా, ఆ వరసనే సెప్తాం. ఒకడు వల కాడ ఉండిపోయి ఎనకాల వేరే తెప్పలో వస్తాడు. ఆడి సోటు ఆడికి ఇడిసిపెడతాం. వచ్చినాక మల్లీ పంపుతాను."

"రాలేదని రాసేస్తే సరిపోతుంది కదా," అన్నాను నేను.

పక్కన చేపలు ఎండబెడుతున్న ఒకావిడ లేచి నిలబడింది. పేరు పోలమ్మ. ఆవిడ భర్త దానయ్య ఎర్రయ్య వాళ్ళ పడవలోనే వేటకి వెళతాడు. "అలాటి మాట నోటితో అనకు పాపా," అంది. కోపంగా అనలేదు, భయంగా అంది. తరవాత తనే చెప్పింది. నౌపడలో ఉప్పు మళ్ళలో పనికి వెళ్ళినప్పుడు, గాలేస్తే, ఫోనులో ఈ పేజీ చూస్తుందట. చదువు రాదు. చుక్కాని పక్క చోటు దానయ్యది, కాబట్టి వరసలో రెండో గడి చూస్తుంది. "అచ్చరాలుంటే వచ్చినాడు. నేకపోతే ఇంకా నీటి మీదున్నాడు. ఆడి సోటు ఆడికున్నాది కదా, వస్తాడు, అనుకుంటాను."

తిరుగు బస్సులో అక్క ఆ పేజీనే మళ్ళీ తెరిచి చూస్తూ కూర్చుంది. ఖాళీ గడి ఏరేస్తే మూడోవాడి పేరు రెండో గడిలోకి జరుగుతుంది. పోలమ్మ అక్షరాలు చూసి, వచ్చేశాడనుకుని ఉప్పు మళ్ళోకి దిగుతుంది. "సెక్రటరీ ఏటీ దాయనేదే. ఆయనకీ తెల్దు," అంది అక్క. మీ అనుమానం తప్పన్నమాట అన్నాను, కొంచెం సంతోషంగానే. "అనుమానం సరైందే. పట్టిన మనిషే తప్పు," అంది.

సెక్రటరీ గారికి చెబితే ఆయన నవ్వారు. మూఢనమ్మకాలకి వెబ్‌సైటు కట్టుకోమంటారా అన్నారు. విశాఖలో ఇంకెవరికో పని ఇచ్చేస్తానన్నారు. "ఇచ్చుకోండి బాబూ. నా సేత్తో మాత్రం ఆకుపచ్చ ఎయ్యను," అంది అక్క. ఆయన గొణుక్కుంటూ ఉండనిచ్చారు. ఆయన వేరేవాళ్ళతో మాట్లాడుతున్నారేమోనని మేం చాలాకాలం కనిపెట్టుకునే ఉన్నాం.

ఆ తరవాత వచ్చిన గాలి రోజున మధ్యాహ్నం నుంచే రాజాంలో రేకులు ఎగురుతున్నాయి. ఆఫీసులో మేమిద్దరమే, పేజీ తెరుచుకుని కూర్చున్నాం. ఒక్కో వరుసా ఆకుపచ్చ అవుతోంది. ఎర్రయ్య మెసేజ్ ఆలస్యంగా వచ్చింది. పడవ ఒడ్డు దగ్గర కెరటంలో తిరగబడి, మిగతావాళ్ళతో ఒడ్డుకి కొట్టుకొచ్చిందని మాకప్పుడు తెలియదు. వరుసలో రెండో గడి ఖాళీ. చివరి గడి ఖాళీ. అక్క ఆ మెసేజ్‌ని అసలు రూపంలో తెరిచి, కామాలు వేలితో ఒక్కొక్కటీ తాకి చూసింది. అప్పుడే సెక్రటరీ గారి ఫోను.

"పడవ ఒడ్డునే ఉందంటున్నారమ్మా. నా మనిషి కళ్ళతో చూశాడు. మరి ఎరుపెందుకు? మార్చండి, పైనుంచి ఫోన్లు వస్తున్నాయి."

"పడవ ఒడ్డునుంటే ఉండనీండి. ఇద్దరు నీటి మీదున్నారు. పెద్ద పడవ పంపండి."

"ఈ గాల్లోనా? ఎవరో కామా ఎక్కువ కొట్టాడని పడవ పంపమంటారా?"

"ఎర్రయ్య సెయ్యి జారదు బాబూ. నేను నమ్ముతన్నాను," అంది అక్క.

నమ్ముతున్నానని ఆవిడ నోట నేను విన్నది ఆ ఒక్కసారే. నాకు భయమేసింది, గాలికంటే ఆ మాటకి ఎక్కువ. ఈలోగా నౌపడ నుంచి పోలమ్మ కూడా ఆయనకే ఫోను చేసి, రెండో గడిలో ఏమీ లేదని ఏడ్చిందట. ఆయన తిట్టుకుంటూనే పడవ పంపారు. ఊరి పడవలేవీ ఆ కెరటాల్ని దాటలేకపోయాయి. పెద్ద పడవ చీకటి పడేలోపు ఒకణ్ణి పట్టుకొచ్చింది. చివరి గడి కుర్రాడు, వల తేలేందుకు కట్టే బిరడాల గుత్తిని వాటేసుకుని ఉన్నాడు. దానయ్య దొరకలేదు. మర్నాడూ వెతికారు, ఆ తరవాతా వెతికారు. దొరకలేదు.

మేం వెళ్ళాం. ఆ కుర్రాడి అమ్మ అక్క చేతులు పట్టుకుంది. పోలమ్మ లేచి రాలేదు. కొంతసేపయ్యాక తనే పిలిచి, "సంఘమోళ్ళు ఆ గడిలో ఏదో రాయాలంటన్నారమ్మా. ఏటీ రాయకండి. తియ్యకండి. కాలు ఇసక మీద పడనేదు కదా," అంది. అక్క సరేనంది. ఓదార్పు మాట ఒక్కటీ చెప్పలేదు. ఆ పడవ ముక్కలైపోయింది, మిగిలినవాళ్ళు వేరే పడవెక్కారు. అందుకని ఆ వరుసలోకి మళ్ళీ మెసేజ్ రాలేదు. చివరి గడి కుర్రాడి పేరుతో నిండింది. రెండో గడి అలాగే ఉంది, వరుస ఎర్రగానే ఉంది.

అక్కకి జబ్బు చేశాక పేజీ బాధ్యత నాకిచ్చింది. ఆసుపత్రి మంచం మీద కూడా అడిగింది, ఆ వరస ఉన్నాదా అని. ఉందక్కా అన్నాను. "సూపించు," అంది. సెలైను ఎక్కుతున్న చేతికి ఫోను ఇచ్చాను. గడులన్నీ వేలితో లెక్కపెట్టుకుని, సరే అని కళ్ళు మూసుకుంది. ఆవిడ పోయినప్పుడు నేను ఏడ్చాను. ఎన్నేళ్ళు పక్కన కూర్చున్నా నా మాట నమ్మకుండానే వెళ్ళిపోయిందే అని ఉక్రోషం కూడా వచ్చింది. ఆ ఉక్రోషం ఇప్పుడు లేదు.

ఇప్పుడు నా దగ్గర పనిచేసే పిల్లలు తెలివైనవాళ్ళు. ప్రతి కొత్త పిల్లా ఎప్పుడో ఒకప్పుడు వచ్చి, మేడం, ఈ పాత వరుస ఎప్పటినుంచో ఎర్రగా ఉండిపోయింది, తీసేద్దామా అని అడుగుతుంది. వద్దంటాను. ఎందుకని అడిగితే చెబుతాను. అడక్కుండా తలూపేవాళ్ళ మీద ఒక కన్నేసి ఉంచుతాను.

పోలమ్మ నౌపడ ఉప్పు మళ్ళలోనే ఉంది. సిగ్నలు లేక పేజీ తెరుచుకోని రోజున నాకు ఫోను చేస్తుంది. పలకరింపులేమీ ఉండవు. "పాపా, ఆడి సోటు ఉన్నాదా?" అంటుంది. ఉంటుందని నాకు తెలుసు. అయినా ఫోను అలాగే పట్టుకోమని చెప్పి, పేజీ తెరిచి, రెండో గడి దాకా వెళ్ళి, నా కళ్ళతో చూస్తాను. చూశాకే చెబుతాను, "ఉన్నాది" అని.