బీము లేని సాంచ

ఏం వినాలో తెలియని వాళ్లకు మా సిరిసిల్లలో నేనే దిక్కు. ఎనిమిదో తరగతిలో బడి నన్ను వదిలేసిందో, నేనే బడిని వదిలేశానో ఇద్దరికీ గుర్తులేదు కానీ, చెవులతో కూడా చదవొచ్చని తెలిశాక నేను ఎక్కని తరగతి లేదు. చందుర్తిలో పత్తి వేసే మా బావమరిదికి పురుగుల గురించి చెప్పే పాడ్‌కాస్ట్ ఒకటి పెట్టిచ్చాను. ఇప్పుడు పురుగు ఊరుకున్నా వాడు ఊరుకోవడం లేదు. కోరుట్ల నుంచి దుబాయ్ పోయే పిల్లలకు అరబ్బీ మాటలు నేర్పేది చెబుతాను. ముస్తాబాద్‌లో రిటైరైన సారుకు రాజుల చరిత్ర చెప్పేది ఇచ్చాను. ఆయన భార్య ఎక్కడ కనబడ్డా ముఖం తిప్పుకుంటుంది, అన్నం ముందు కూడా యుద్ధాలే నడుస్తున్నాయట. పక్కింటి అక్కకు ఆదివారం వాక్యం, ఆమె కొడుక్కు క్రికెట్. మనిషి ముఖం చూస్తే చాలు, చెవికి ఏం కావాలో చెప్పేస్తాను.

ఒక్కటి మాత్రం చెప్పను. మనసు నిమ్మళం కావడానికి ఏం వినాలని అడిగితే నాకు తెలియదంటాను. తెలియక కాదు. వాన సప్పుడు, వాగు సప్పుడు, తిరిగే ఫ్యాను సప్పుడు కూడా గంటలకు గంటలు వినిపించేవి ఉన్నాయి. మా బిడ్డే ఒకరోజు "వాన సప్పుడు పెట్టుకో బాపూ, తలకాయ చల్లగయితది" అని నా ఫోనులో పెట్టింది. నేను దాన్ని ఆపేసి బయటికి పోయాను. ఎందుకు పోయానో ఆ పిల్లకు ఇంతవరకూ చెప్పలేదు.

తెలంగాణ కోసం ఊర్లన్నీ రోడ్డు మీదికి వచ్చిన రోజులవి. జగిత్యాలలో ఒక దుకాణంలో రెండు నెలలు పని నేర్చుకుని వచ్చి, సిరిసిల్లలో చాయ్ హోటల్ పక్కన, మనిషి నిలబడితే కంప్యూటర్ బయట పెట్టాల్సినంత జాగాలో మెమొరీ కార్డులు నింపే దుకాణం పెట్టాను. ఎవరికి ఏం కావాలో అప్పుడూ నేనే చెప్పేవాణ్ణి. ఉద్యమం పాటలు, ఉపన్యాసాలు, ఒగ్గుకథలు, భజనలు. ఇవన్నీ అందరి దగ్గరా దొరుకుతున్నాయని, నా దగ్గర మాత్రమే దొరికేది ఒకటి తయారుచేశాను. ముసలాయన గొంతు పెట్టి, వారానికి ఐదు నిమిషాలు ఊరి ముచ్చట్లు చెప్పి, ఫోనులో రికార్డు చేసి, అడిగిన వాళ్ల కార్డులోనూ అడగని వాళ్ల కార్డులోనూ ఎక్కించేవాణ్ణి. బ్లూటూత్ మీద అది వేములవాడ దాటి పోయేది. ఆ ముసలాయన ఎవరో ఎవరికీ తెలియదు. నా ఎదురుగానే నన్ను మెచ్చుకునేవారు. ఆ రుచి చెడ్డది.

ఒకసారి పూర్తి బంద్ పెట్టారు. మా ఊర్లో బంద్ అంటే దుకాణాల షట్టర్లు కాదు, సాంచాలు ఆగాలి. పవర్‌లూమ్‌ను మేం సాంచ అంటాం. పుట్టిన దగ్గర నుంచి వాటి సప్పుడులోనే బతికిన వాళ్లం. ఊరంతా ఒక్కసారి ఆగితే చెవిలో ఏదో ఊడిపోయినట్టు ఉంటుంది. ఆ మధ్యాహ్నం అట్లా ఆగిన ఊర్లో, మా వాడలో ఒక్క సాంచ నడుస్తోంది. మా ఇంటి వెనక రెండో ఇల్లు. నాలుగు సాంచాలు పెట్టుకుని సేటు దగ్గర నూలు తెచ్చి నేసే ఒకాయనది. వరసకు ఏమీ కాకున్నా చిన్నప్పటి నుంచి కాకా అనే పిలుస్తాను. పిలిచిన నోటితోనే, గోడ పక్కన నిలబడి, ఫోను కిటికీకి పెట్టి ఒక నిమిషం ఆ సప్పుడు రికార్డు చేసుకున్నాను.

ఆ వారం ముచ్చటలో ఆ సప్పుడు వెనక వినిపిస్తుండగా ముసలాయన అన్నాడు: "ఊరంత తెలంగాణ రావాలంటున్నది. మా వాడల ఒకాయన మాత్రం బీము కొసకు రావాలంటున్నడు."

సాంచ మీద పడుగు నూలు చుట్టి ఉండే దుంగే బీము. అది కొసకు వస్తేనే కూలి. మాట మా ఊరి వాళ్లకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. పేరు చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేకపోయింది. రెండు రోజుల్లో ఆయన చాయ్ తాగడానికి వస్తే వెనక నుంచి నోటితో టక్ టక్ అనడం మొదలైంది. ఉద్యమం దీక్షా శిబిరంలో నేత పనివాళ్లు కూర్చునే రోజుకు ఆయన పేరు ఇచ్చుకుని ఉన్నాడట. నువ్వు పోయి సాంచ నడుపుకో అని పేరు కొట్టేశారని విన్నాను. వినీ నవ్వాను. అందరూ నవ్వుతున్నప్పుడు నవ్వించినవాడు నవ్వకపోతే దొరికిపోతాడు కదా.

మళ్లీ బంద్ అన్నారు. దానికి ముందురోజు ఆయన నా దుకాణానికి వచ్చాడు.

"కొడుకా, గా టక్ టక్ ముచ్చట నీ దగ్గర ఉన్నదట గదా. ఇనిపియ్యి."

సాంచాల మధ్య పనిచేసి ఆయనకు చెవులు సగం పోయాయి. వాడంతా వినేలా అడిగాడు. ఇయర్‌ఫోన్లు ఇచ్చాను. ఐదు నిమిషాలూ కదలకుండా విన్నాడు. నేను సర్దిన కార్డులనే మళ్లీ సర్దుతూ కూర్చున్నాను. విన్నాక ఇయర్‌ఫోన్లను తువాలతో తుడిచి నా చేతికిచ్చాడు.

"ఎవలో గని, ముచ్చట చెప్పుడు ఎరుకే. గీ మాటలు తీసేసి, ఉత్త సాంచ సప్పుడు ఒక్కటి నా ఫోన్ల ఎక్కియ్యరాదు?"

ఏం చేసుకుంటావని అడిగాను. తల్లి కోసమన్నాడు. ఆమె అరవై ఏళ్లు నూలు కండెలు చుట్టిన మనిషి. కొన్నాళ్లుగా మతి నిలవడం లేదు. నేతిండ్లలో సాంచ పగలు ఆగిందంటే ఆ ఇంట్లో ఎవరో చచ్చిపోయారని లెక్క. అన్నీ మరిచినా ఆమె అది మరవలేదు. బంద్ అంటే ఆమెకు తెలియదు. సప్పుడు ఆగగానే ఎవరు పోయారని ఏడుపు మొదలుపెట్టి, మనుమలను ఒక్కొక్కరిని ముట్టుకుని చూస్తుందట. అందుకే ముందటి బంద్ రోజు, నేత అయిపోయి బీము దింపేసి ఉన్న ఒక సాంచను, నూలు లేకుండా ఉత్తగా తిప్పాడు.

నేను నేతింట్లో పుట్టినవాణ్ణి. బట్ట పడే సాంచ దెబ్బ బరువుగా ఉంటుంది, ఉత్త సాంచ ఖాళీ డబ్బాలా మోగుతుంది. కళ్లు మూసుకుని చెప్పగలను. ఆ నిమిషాన్ని ముచ్చటలో అతికించడానికి ఎన్నిసార్లు విన్నానో. నవ్వు ఎక్కడ వస్తుందో విన్నాను, అది తప్ప ఇంకేమీ వినలేదు.

మాటలు లేని ఆ నిమిషం నా జేబులోని ఫోనులోనే ఉంది. కానీ అది ఇస్తే ఆ ముసలాయన గొంతు ఎవరిదో చెప్పినట్టే. ఉత్త సప్పుడు రికార్డు చేసినవాడి దగ్గర తప్ప ఇంకెవరి దగ్గర ఉంటుంది? మాట, సప్పుడు కలిసిపోయాయి, విడదీయడం రాదని చెప్పాను. ఆయన తలాడించి పోయాడు.

మర్నాడు బంద్‌కు ఆయన సాంచ కూడా ఆగింది. పొద్దెక్కుతుండగా ఆయన తల్లి బయటికి వచ్చింది. ఇంటింటి ముందూ నిలబడి అడుగుతోంది. మా అమ్మ చేయి పట్టుకుని కూర్చోబెట్టబోతే విడిపించుకుని, గడపలో ఉన్న నా దగ్గరికి వచ్చింది. బక్కపలుచని చేయి నా నెత్తి మీద పెట్టి, నేను బతికే ఉన్నానని చూసుకుంది.

"ఎవలు పోయిండ్రు కొడుకా? నాకెందుకు చెప్తలేరు?"

జేబులో నుంచి ఫోను తీసి వినిపించాను. చేయి నా నెత్తి మీదే ఉంది. ఏడుపు ఆపి వింది. నిమిషం అయిపోగానే ముఖం మారింది. మళ్లీ పెట్టాను. మూడోసారి పెట్టినప్పుడు తలెత్తితే, తల్లిని వెతుక్కుంటూ వచ్చిన కాక ఎదురుగా నిలబడి ఉన్నాడు. మాటలు లేని తన సాంచను వింటున్నాడు.

ఆయన తన ఫోను ముందుకు చాపాడు. బ్లూటూత్‌లో పంపించాను. నిమిషం సప్పుడే అయినా, ఆ ఫోన్లలో ఫైలు పోతుంటే కనబడే గీత జరగడానికి చాలాసేపు పట్టింది. ఇద్దరమూ ఆ గీతనే చూస్తూ నిలబడ్డాం. అది పూర్తయ్యాక తల్లి భుజం పట్టుకున్నాడు.

"నడువమ్మా, ఎవలు పోలె." నాలుగడుగులు వేసి ఆగాడు. "మాటలు తీసేస్తే నీ ముచ్చట మంచిగనే ఉన్నది కొడుకా."

ఆ తర్వాత నేను ముసలాయన గొంతు పెట్టలేదు. ఇది మంచితనమని చెప్పుకోను. ఇంకొక్క ఐదు నిమిషాల ముచ్చట చేసి, తప్పు నాది, ఆయన బంద్ తప్పలేదని చెబితే రెండు రోజుల్లో ఊరంతా వినేది. అబద్ధం పోయిన దారిలోనే నిజమూ పోయేది. రేపు చేస్తానని ఎన్ని రేపులు గడిపానో. శిబిరంలో ఆయన పేరు మళ్లీ రాయలేదు. ఏడాది తిరగకుండానే సాంచాలు అమ్మేసి, తల్లిని తీసుకుని కోరుట్లలో చెల్లె ఇంటికి పోయాడు. రాష్ట్రం వచ్చిన రోజు మా వాడలో పటాకులు కాల్చారు. నేనూ కాల్చాను. ఆ ఇంటికి తాళం ఉంది.

తర్వాత ఎప్పుడో కోరుట్ల బస్టాండులో కనబడ్డాడు. నేనే దగ్గరికి పోయి తల్లి ఎట్లా ఉందని అడిగాను. పోయిందన్నాడు. ఆ ఇంట్లో సాంచ లేదు కాబట్టి రోజూ ఆ నిమిషాన్నే తిప్పి తిప్పి పెట్టేవాడట. పోయిన రోజు కూడా మంచం పక్కన అదే మోగుతోంది.

"ఊపిరి పోయినంక నేనే బంద్ చేసిన," అన్నాడు. "ఆగాలె గదా."

జగిత్యాల బస్సు వస్తే ఎక్కి పోయాడు. ఆ బస్సు ఆలస్యంగానే వచ్చి, క్షమించమని అడగడానికి నాకు కావలసినంత టైమే ఇచ్చింది.

ఆ నిమిషం ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఫోను మార్చినప్పుడల్లా దాన్నే ముందు మార్చుకుంటాను. వినను. మా వాడలో టక్ టక్ అన్న వాళ్లు చాలామంది ఇంకా ఉన్నారు, ఏం వినాలని నన్నే అడుగుతారు కూడా. వాళ్లకు ఇన్నేళ్లుగా చెప్పకుండా దాచింది ఇదే: ఆ రోజు ఆయన సాంచ మీద బీము లేదు.