అక్క చేసిన ఎగ్జిట్ పార్టీలు

మొన్న ఇక్కడ గల్ఫ్‌లో, మా ఆసుపత్రి ఉన్న మలాజ్ పేటలో బస్సు దిగి నడుస్తుంటే ఒక పెద్ద హోర్డింగ్ కనిపించింది; మైకు పట్టుకుని నవ్వుతున్న ఒక అమ్మాయి బొమ్మ, కింద కామెడీ షో అని అరబ్బీలోనూ ఇంగ్లీషులోనూ రాసి ఉంది. నాతో వస్తున్న కొత్త నర్సమ్మాయి, ఆడా మగా పక్కపక్కనే కూర్చుని చూడొచ్చని, టిక్కెట్టు ఫోన్లోనే దొరుకుతుందని చెప్పి నన్నూ రమ్మని పోరు పెట్టింది. అక్కడికి రెండు సందుల అవతలే, పరదాలు దించేసిన ఒక హాస్టల్ భోజనాల గదిలో, మేమంతా టిక్కెట్టు లేకుండా చూసిన షోల సంగతి ఆ పిల్లకు ఎలా చెప్పాలో తెలియక, చూద్దాంలే అన్నాను. ఆ రోజుల్లో గల్ఫ్ హాస్టళ్ళలో గడిపినవాళ్ళు మీలో ఉంటే, నేనేం చెప్పబోతున్నానో సగం మీకు ముందే తెలిసి ఉంటుంది.

నేను ఆసుపత్రిలో వార్డులు తుడిచే పనికి వచ్చి, ఎవరూ నేర్పకుండానే దుప్పట్ల స్టోరులో లెక్కలు చూసేదాకా వచ్చినదాన్ని. లాండ్రీకి ఎన్ని వెళ్ళాయి, ఎన్ని తిరిగొచ్చాయి, తేడా ఏ వార్డులో వస్తోంది అన్న ధ్యాసలో పడి, పని లేనప్పుడు కూడా ఏది కనిపిస్తే అది లెక్కపెట్టే జబ్బు పట్టుకుంది. అక్క అదే ఆసుపత్రిలో నర్సు. మాది కృష్ణా జిల్లాలోనే పక్కపక్క ఊళ్ళు కాబట్టి అక్కా చెల్లీ అనుకున్నాం గాని, మా మధ్య రక్తసంబంధమేమీ లేదు.

ఎగ్జిట్ వచ్చి, అంటే ఇక తిరిగి రాకుండా ఇంటికి వెళ్ళిపోయేవాళ్ళకు, వెళ్ళే ముందు శుక్రవారం హాస్టల్ భోజనాల గదిలో పార్టీ చేయడం మా ఆనవాయితీ. కేకు, బ్రోస్టు అనే వేయించిన కోడి, ఆ తర్వాత అక్క. వెళ్ళే మనిషిని ముందు కుర్చీలో కూర్చోబెట్టి, బయటికి వెళ్ళేటప్పుడు పైన వేసుకునే ఆమె నల్లని అబాయానే అడిగి తీసుకుని తొడుక్కుని, ఆమె నడక, ఆమె దగ్గు, డాక్టరు ముందు ఆమె తడబాటు, ఇంటికి ఫోన్ చేసినప్పుడు మారిపోయే గొంతు, అన్నీ ఆమెకే చూపించేది. మలయాళీలు, ఫిలిప్పీన్స్ వాళ్ళు కూడా భాష తెలియకుండానే కళ్ళు తుడుచుకుంటూ నవ్వేవాళ్ళు. అంతా అయ్యాక, గిన్నెలు కడిగే చోట, అక్క నన్ను పట్టుకుని ఒకటే అడిగేది.

"ఎవరే నవ్వనిది?"

నవ్వినవాళ్ళతో ఆమెకు పని లేదు. నవ్వనివాళ్ళను లెక్కపెట్టడం నా పని, ఏ మాట దగ్గర నవ్వలేదో కూడా చెప్పాలి. తన తప్పు ఉందనుకుంటే మరునాడు ఆ మనిషి దగ్గరికి వెళ్ళి టీ ఇచ్చి వచ్చేది. లేదనుకుంటే, "దాని మొహం, పంటి నొప్పయి ఉంటుందిలే" అని కొట్టిపారేసేది. ఈ పద్ధతి వల్లనే ఆమె అంతటి కళాకారిణి అయిందని నా నమ్మకం.

అక్క రూమ్మేటు కడప వైపు అమ్మాయి, ఆమె కూడా నర్సే. ఇద్దరూ ఒకే షిఫ్టు అడిగి వేయించుకునేవాళ్ళు, ఒకే పళ్ళెంలో తినేవాళ్ళు, ఏసీ దగ్గర మాత్రం రోజూ కొట్టుకునేవాళ్ళు. వాళ్ళది ఉత్త స్నేహం కాదని నాకు తెలుసు; ఎలా తెలుసంటే చెప్పలేను, ఒక గదిలో రెండు మంచాలుండి ఒక దుప్పటే నలిగితే స్టోరు చూసేదానికి తెలియకుండా ఉండదు. నేనెవరితోనూ అనలేదు. ఆ మాట గోడ దాటితే పోయేది ఉద్యోగం ఒక్కటే కాదు.

అలాంటిది, ఇంటి దగ్గర పెళ్ళి కుదిర్చామని కబురు వచ్చి, ఆ అమ్మాయికి ఎగ్జిట్ పడింది. శుక్రవారం వచ్చింది. అక్క ఒంట్లో బాలేదని తప్పించుకుంటుందేమో అనుకున్నాను. గదంతా నిండింది, కడప అమ్మాయి కుర్చీలో కూర్చుని, అలవాటు ప్రకారం తన అబాయా తీసి చేత్తో పట్టుకుని ఉంది. అక్క వచ్చింది గాని అది అందుకోలేదు. తన అబాయాతోనే నిలబడి, ఈ రోజు వెళ్ళేవాళ్ళను కాదు, మిగిలేవాళ్ళను చూపిస్తానంది.

డ్యూటీ నుంచి గదికి వచ్చినట్టు నడిచి, అబాయా విప్పి మేకుకు తగిలించి, పక్క మేకు బోసిగా ఉందని బల్ల మీది తుడుపుగుడ్డ తెచ్చి దానికి తగిలించింది. సరుకుల బకాలా కొట్టుకెళ్ళి రెండు మజ్జిగలు కొన్నట్టు నటించి, రెండోది ఎవరికిరా అని కొట్టువాడినే తిట్టింది. ఏసీ పెంచినట్టు చేసి, ఎవరూ తగువుకు రాకపోయేసరికి, పక్క కుర్చీలోకి మారి ముడుచుకుని కూర్చుని కడప యాసలో అరిచింది.

"చలికి చస్తాండా, ఆపు మే దాన్ని!"

మళ్ళీ ఇటు కుర్చీలోకి వచ్చి, "దుప్పటుంది గదా, కప్పుకుని చావు!" అంది. అటూ ఇటూ, అటూ ఇటూ, జనం పొట్టలు పట్టుకున్నారు. అలా మారుతూ మారుతూ నడుమ ఆగిపోయింది.

"నీకు పెళ్ళెప్పుడే, నీకు పెళ్ళెప్పుడే అని నన్ను చంపుతారు గదా అందరూ. నాకైపోయిందర్రా. ఇవ్వాళ విడాకులు."

గది గొల్లుమంది. తర్వాత ఒక మూల నుంచి నవ్వు తగ్గడం మొదలైంది. కుర్చీలో అమ్మాయి తల వంచుకుని అబాయా మడత పెడుతోంది, విప్పి మళ్ళీ మడత పెడుతోంది. మాలో అందరికంటే పెద్దదైన మలయాళీ నర్సు, మేమంతా చేచి అనే ఆమె, లేచి చప్పట్లు కొట్టి, "చాలు చాలు, కేకు కోయండి, క్రీము కారిపోతుంది" అని వచ్చీరాని తెలుగులో కేకలేసింది. అందరం కేకు మీద పడ్డాం. ఎందరికి అర్థమైందో, ఎందరికి కాలేదో ఈనాటికీ నాకు లెక్క తేలలేదు. ఆ గదిలోని మాట ఆ గదిలోనే ఉండిపోయింది, అంతవరకు నాకు తెలుసు.

గిన్నెల దగ్గర అక్క ఆ రోజు నన్నేమీ అడగలేదు.

కాంట్రాక్టు అయ్యాక అక్క కూడా వెళ్ళిపోయింది. హైదరాబాదులో పగలు ఆసుపత్రి, సాయంత్రం కాఫీ హోటళ్ళలో మైకు పట్టుకుని జోకులు. మొదట్లో ఆమె యాసకే నవ్వారట. తర్వాత తను ఆడవాళ్ళనే ప్రేమిస్తానని స్టేజి మీదే చెప్పేసింది. కొందరు లేచిపోయారు, వాళ్ళ చర్చివాళ్ళు పలకరించడం మానేశారు, వాళ్ళమ్మ చాలాకాలం మాట్లాడక, చివరికి ఫోన్ చేసి నా మీద మాత్రం జోకులెయ్యకే అని బతిమాలిందట. అక్క దాన్నీ జోకు చేసింది. ఇప్పుడు ఆమెకు పేరుంది, వేరే ఊళ్ళకు పిలుపులున్నాయి. ఇక్కడా షోలు జరుగుతున్నాయి, వస్తావా అని ఫోన్లో అడిగితే, "వస్తే ఆ ఒక్కటీ తీసేసి చెప్పాలి చెల్లీ. అది తీసేస్తే మిగిలేది దగ్గూ తుమ్మూనే" అంది. కడప అమ్మాయి సంగతి అడగబోయి మానుకున్నాను.

హాస్టల్ ఎప్పుడో ఎత్తేశారు. ఎవరి ఫ్లాటు వాళ్ళది, ఎవరి ఫోన్లో వాళ్ళు నవ్వుకుంటున్నారు. ఎవరైనా వెళ్ళిపోతే గ్రూపులో ఒక దండం బొమ్మ వస్తుంది, దాని కింద మరికొన్ని దండాలు. వెళ్ళేవాళ్ళ సంగతే అలా ఉంటే, మిగిలేవాళ్ళను చూసేదెవరు? ఈ మధ్య అలాగే ఒకమ్మాయి వెళ్ళిపోయాక, ఆమెతో ఎప్పుడూ కలిసి తినే ఇంకొకమ్మాయి క్యాంటీన్లో అన్నం కలుపుతూ, తినకుండా, కలుపుతూనే ఉండటం చూశాను. వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. అక్కయితే ఏం చేసేదో నాకు తెలుసు. కాని నవ్వించడం నాకు చేతకాదు కాబట్టి, ఆమె ఒక ముద్ద నోట్లో పెట్టుకునేదాకా అక్కడే కూర్చున్నాను.