చారల జేబు కోటు

టేపు మామకి మనుషుల ముఖాలు గుర్తుండవు, భుజాలు గుర్తుంటాయి. వీధిలో ఎవరైనా పలకరిస్తే ముందు చొక్కా కుట్టు చూసి, ఆ తరవాత "ఓహో, మీరా!" అంటాడు. ఆయన మెడలో కొలత టేపుతోనే పుట్టాడనీ, మంత్రసాని బొడ్డుతాడనుకుని దాన్నే కోయబోయిందనీ ఆ బజారులో చెప్పుకుంటారు. ఆయన ఎప్పుడూ కాదనలేదు.

చనిపోయిన సిపాయిల గుర్తింపు కార్డులు పోగుచేసే పిచ్చి ఆయనకి దారం వల్ల పట్టుకుంది. దారం చుట్టుకోవడానికి గట్టి అట్టలు కావాలని పాత కాగితాల కొట్లో ఒక కట్ట కొన్నాడు. అవి యుద్ధకాలం నాటి కార్డులు. ఏ గోదాములోనో వానకి నాని, పేర్లూ నంబర్లూ నీలిమరకలై, ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. ప్రతి కార్డుకీ ఒక మూల కత్తిరించి ఉంది. మూల కత్తిరించారంటే మనిషి ఇక లేడని అర్థమని ఒక పాత సిపాయి చెప్పాడు. పైకార్డు ఊడదీస్తే ఫొటోలోంచి చారల జేబు కోటు వేసుకున్న కుర్రాడొకడు మామ వంక చూశాడు. వాడి ముఖం మీద దారం చుట్టడానికి మామకి చేతులు రాలేదు. కట్టంతా బిస్కెట్ల డబ్బాలో దాచాడు.

అప్పటినుంచీ ఎక్కడ అలాంటి కార్డు కనిపించినా కొనేవాడు. చెరగని ముద్రలు పట్టుకుని పాత సిపాయిల ప్రాణం తోడి, ఒకరిద్దరి కార్డులని వాళ్ళ ఇళ్ళకి చేర్చాడు కూడా.

"బతికున్నవాళ్ళ జాకెట్లు మూలపడ్డాయి. చచ్చినవాళ్ళేమైనా కుట్టుకూలి ఇస్తారా?" అనేది భార్య.

"వాళ్ళు నీలా సాధించరు కదే," అనేవాడు మామ.

ఒక రోజు ఆపరేటరమ్మ కొట్టుకి వచ్చింది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరై, ఒంటరిగా ఉంటోంది. పాత కోటు ఒకటి బల్ల మీద పడేసింది.

"దీన్ని చింపి కూరగాయల సంచి కుట్టి పెట్టు తమ్ముడూ. పెట్టెలో పడి పురుగు పడుతోంది."

మామ కత్తెర ఆగిపోయింది. కోటు జేబు చిరిగితే ఎవరో చారల గుడ్డ వేసి, తొందరలో కాస్త వంకరగా కుట్టారు. ఆ వంకర ఆయనకి తెలుసు.

"అక్కా, ఈ కోటు ఎవరిది?"

"మా అన్నయ్యది. నాన్న కోటుని అమ్మ వాడికి సరిచేసింది. పట్టాళంలో చేరి యూనిఫాం ఇవ్వగానే దీన్ని పార్సిల్లో ఇంటికి పంపాడు. తరవాత చావు కబురొచ్చింది. అప్పటికి నేను ఉయ్యాల్లో ఉన్నాను. ఇంట్లో ఫొటో లేదు. వాడెలా ఉండేవాడో నాకు తెలీదు."

"నా దగ్గర ఉన్నాడక్కా," అన్నాడు మామ.

ఆ కుర్రాడి కార్డు పట్టుకుని ఆవిడ కొట్లోనే కూలబడింది. సంచి సంగతి మరిచిపోయింది. ఫొటోకి పటం కట్టించి వంటగదిలో పెట్టుకుంది. పొద్దున కాఫీ తాగుతూ అమ్మ ఎలా పోయిందీ, నాన్న ఎందుకు మాటలు మానేశాడూ వాడికి చెప్పేది.

మామ ఉత్సాహంగా మిగతా కట్టని తడిపి, సూది మొనతో ఒక్కో కార్డూ విడదీశాడు. రెండో కార్డులో ఇంకో కుర్రాడు. అదే కోటు. మూడోవాడూ అదే కోటు. పట్టాళంలో చేరిన రోజున ఒంటిమీద సరైన బట్టలేని పిల్లలు వరసలో నిలబడి, ఫొటో కోసం ఒకే కోటు ఒకరి తరవాత ఒకరు తొడుక్కున్నారు. అడిగినవాడికల్లా ఆవిడ అన్నయ్య విప్పి ఇచ్చి ఉంటాడు. తొడుక్కున్న ప్రతివాడి కార్డుకీ మూల తెగి ఉంది. ఆ రోజు ఒక పెళ్ళికొడుకు కోటు కొలతకి వస్తే మామ రేపు రమ్మని పంపేశాడు.

కొన్నాళ్ళు ఆవిడ వీధి తప్పించుకుని తిరిగాడు. చివరికి డబ్బా చంకన పెట్టుకుని వెళ్ళాడు.

విషయం విని ఆపరేటరమ్మ పటం వంక చూసింది.

"అయితే ఇన్నాళ్ళూ మా ఇంటి గుట్టంతా పరాయివాడికి చెప్పించావా?"

"జేబు చూసి మోసపోయానక్కా."

"దర్జీవాడివి, జేబు చూడక ఏం చూస్తావులే!" ఆవిడ లేచి వెళ్ళి కోటు తెచ్చి ఆయన ఒళ్ళోకి విసిరింది. "వీళ్ళలో మావాడెవడో తేల్చు. తేల్చాకే లే ఇక్కణ్ణుంచి."

మామ కోటుని తిరగేశాడు. వేళ్ళతో కుట్లన్నీ తడిమాడు. ఎడమ భుజం లోపల ఏదో మెత్తగా తగిలింది. పాతచీర ముక్కని మడతలు పెట్టి, పైకి కనపడకుండా కుట్టారు.

"అన్నయ్యకి ఎడమ భుజం జారి ఉండేదా?"

"అమ్మ వాడికి ఏ వంకా ఉన్నట్టు చెప్పలేదే!"

"ఏ అమ్మ చెప్తుందక్కా? కుట్టేసింది."

ఆ కోటున్న కార్డులన్నీ బల్ల మీద పరిచారు. జారని భుజం మీద ఆ మెత్త పడి, పటంలోవాడితో సహా అందరికీ ఎడమ భుజం గూనిలా పైకి లేచి ఉంది. మామ తల కొట్టుకున్నాడు. తరవాత డబ్బా అడుగునుంచి, దేనికీ పనికిరాదని పక్కన పెట్టిన కార్డు ఒకటి తీశాడు. తీసి చాలాసేపు ఇవ్వలేదు.

అందులో కోటు తీర్చినట్టు కూర్చుంది. రెండు భుజాలూ సమంగా ఉన్నాయి. మెడ పైన మాత్రం ఏమీ లేదు. నీరు ముఖాన్నంతా తినేసి, తెల్లటి మరక మిగిల్చింది.

"వీడేనా?" అంది ఆవిడ.

మామ తలాడించాడు.

ఆవిడ ఆ తెల్లదనం మీద వేలు పెట్టబోయి, ఆగి, భుజం మీద పెట్టింది. "ఉద్యోగమంతా ముఖాలు చూడకుండానే మాట్లాడానులే తమ్ముడూ," అంది.

కార్డుని పటం పక్కన గోడకి ఆనించింది. మామ పటం తీసేయబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"వాణ్ణి ఉండనీ."

పటంలోని కుర్రాడి వైపు తిరిగింది. "నువ్వు ఎక్కడికీ పోకు. మా అన్నయ్య ముఖం చూసినవాడివి, ఈ ఇంట్లో నువ్వొక్కడివే."

మామ చెప్పులు తొడుక్కుంటుంటే లోపలినుంచి ఆవిడ గొంతు వినిపించింది. అమ్మ ఎలా పోయిందో మళ్ళీ మొదటినుంచి చెబుతోంది. చంకలో డబ్బా వచ్చేటప్పటికన్నా బరువుగా ఉందనిపించి, మామ దాన్ని రెండు చేతులతో పట్టుకుని నడిచాడు.