కాటా మీద అరవై కిలోలు

నేను కంప్యూటరు ఎక్కడా చదువుకోలేదు. ఒంగోలు దగ్గర ఒక పత్తి జిన్నింగు మిల్లులో లెక్కలు రాసేవాణ్ణి. మిల్లులో కంప్యూటరు ఆగిపోయినప్పుడల్లా గుంటూరు నుంచి మనిషి వచ్చేదాకా ఓపిక లేక నేనే విప్పడం మొదలుపెట్టాను. ఫ్యాన్లో దూది, కీబోర్డులో మిరప దుమ్ము. సగం జబ్బులు అవే. తర్వాత ఏదో పత్రికతో పాటు వచ్చిన సీడీలోంచి విండోస్ బదులు లైనక్స్ ఎక్కించుకుని, తప్పులు చేసుకుంటూ నేర్చుకున్నాను. ఆ సంగతి తెలిసి చుట్టుపక్కల వాళ్ళు పిలిచేవారు. ఎవరేం చెప్పినా వినేవాణ్ణి గాని, అంకె కంటితో చూసేదాకా నమ్మేవాణ్ణి కాదు.

చీమకుర్తి దాటాక ఒక లారీ కాటా ఉండేది. గ్రానైటు లారీలు అక్కడే తూకం వేయించుకునేవి. అక్కడి కంప్యూటరు వైరసులతో మాటిమాటికీ చచ్చిపోతుంటే లైనక్స్ వేసింది నేనే. తూకం డబ్బా చూపించే అంకెను క్షణానికోసారి తెర మీద ఒక వరుసగా రాసే చిన్న ప్రోగ్రాము కూడా చేసిచ్చాను. అందుకే ఒక వేసవిలో ఆ కాటా ఓనరు ఫోన్ చేసి, నీ లైనక్సు ఖాళీ కాటాకి బరువు చూపిస్తోందయ్యా అన్నప్పుడు నాకు పౌరుషం వచ్చింది. ప్రతి లోడులోనూ సరిగ్గా అరవై కిలోలు ఎక్కువ వస్తోందని రాయి కొనేవాళ్ళు గొడవ చేస్తున్నారట. మర్నాడు తూనికల అధికారి వస్తున్నాడు. అప్పటికి సున్నా రాకపోతే ఆపరేటర్ని మార్చేస్తానని చెప్పి ఫోన్ పెట్టేశాడు.

ఆ ఆపరేటరు నాకు తెలిసినవాడే. నా ఈడు సాయిబు. కాటా పక్క గదిలో కూర్చుని ఏళ్ళుగా అదే పని చేస్తున్నాడు. నేను బస్సు దిగేసరికి మిట్టమధ్యాహ్నం. లారీలు ఒక్కటీ లేవు. రోడ్డు, తుమ్మచెట్లు, గది కప్పు, అన్నిటి మీదా రాతిపొడి తెల్లగా పరుచుకుని ఉంది. రంపాల మిల్లులు కూడా భోజనాలకి ఆగినట్టున్నాయి, ఎక్కడా చప్పుడు లేదు. గదిలోకి వెళ్ళి తెర చూశాను. అరవై. దాని కింద అరవై. దాని కింద అరవై. కిటికీలోంచి చూస్తే ఇనప పలకల మీద ఎండ తప్ప ఏమీ లేదు.

కంప్యూటరు తీగ పీకేశాను. తూకం డబ్బా మీద ఎర్ర అంకెలు అలాగే నిలబడి ఉన్నాయి. అంటే తప్పు లైనక్సుది కాదు. బయటికి వెళ్ళి పలకల చుట్టూ ఉన్న సందులో గడ్డపారతో రాతిముక్కలన్నీ తోడేశాను. అక్కడేదైనా ఇరుక్కుంటే బరువు తేడా చూపిస్తుంది. తిరిగి వచ్చి తీగ తగిలిస్తే మళ్ళీ అరవై. నేను తంటాలు పడుతున్నంతసేపూ అతను కుర్చీలోంచి లేవలేదు.

అప్పుడు తట్టింది. కాటా దగ్గర పొద్దున్నే చేసే మొదటి పని, ఖాళీ పలక మీద సున్నా మీట నొక్కడం. రాత్రి పడిన మంచు, దుమ్ము ఏమున్నా ఆ నొక్కుడుతో లెక్కలోంచి పోతాయి.

"భాయ్, పొద్దున్నే జీరో కొట్టట్లేదా?" అన్నాను.

"లేదు సార్."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మా తమ్ముడు పోయిన కాణ్ణుంచి."

తమ్ముడు లారీ క్లీనరు. ఆ సంగతి నాకు చూచాయగా తెలుసు, మిగతాది అతనే చెప్పాడు. తూకం వేసేటప్పుడు లారీలో మనుషులు దిగిపోవాలి. వీడు బద్ధకంగా క్యాబిన్లోనే కూర్చునేవాడు. దిగరా, నిన్ను కూడా రాయి కింద రాసేస్తాను అని గదిలోంచి అన్న అరిచేవాడు. లారీ వెళ్ళిపోయాక వీడొక్కడే పలక మీద నిలబడి, ఇప్పుడు రాసుకో అన్నా అనేవాడు. పది కిలోల లెక్కన చూపించే కాటా అది. ఎప్పుడు నిలబడినా అరవై. ఒకరోజు కాటా మీదే గొలుసు తెగి, లారీ మీది బండ జారింది. బండ తీసి, కడిగి, అందరూ వెళ్ళిపోయాక అతను గదిలోకి వచ్చి తెర చూస్తే, అరవై ఉంది.

బండ పడిన దెబ్బకి పలక కింద బరువు కొలిచే సెన్సారు కుంగి ఉంటుందని చెప్పాను.

మరి ఇన్నాళ్ళూ ఎవరికీ ఎందుకు తెలియలేదో లెక్క వేసుకున్నాను. లారీని ఖాళీగా ఒకసారి, లోడుతో ఒకసారి తూస్తారు. రెండిట్లోనూ ఆ అరవై ఉంటుంది. తీసివేతలో పోతుంది. ఆ కుర్రాడి వల్ల ఎవరికీ గింజంత తేడా రాలేదు. కానీ గొడవ మొదలైన నెల నుంచి ఓనరు, పాత లారీల ఖాళీ బరువులు మళ్ళీ తూయనక్కర్లేదు, పాతవే వాడమన్నాడు. అవి తమ్ముడు బతికుండగా తూచినవి. దాంతో ప్రతి లోడులోనూ వాడు బయటపడ్డాడు.

సున్నా కొట్టకపోతే రేపు నీ కుర్చీలో ఇంకొకడు కూర్చుంటాడు, వాడు వచ్చీ రాగానే కొట్టేస్తాడు అన్నాను. అతను కుర్చీలోంచి లేచాడు.

"వాడొక్కడే ఉండగా కొట్టకండి సార్. నేనెళ్ళి పక్కన నిలబడతా. అప్పుడు కొట్టండి."

చెప్పులు గది ముందు విప్పాడు. ఆ ఎండలో ఇనుము మీద వట్టి కాళ్ళతో నడిచి మధ్యలో నిలబడ్డాడు, కాస్త ఒక పక్కకి. తెర మీద నూట ముప్ఫై. అంటే అతని బరువు డెబ్భై. నేను మీట నొక్కాను. సున్నాలు వరుసగా దిగడం మొదలుపెట్టాయి. ఇప్పుడతను దిగితే తెర సున్నా కన్నా డెబ్భై తక్కువ చూపించాలి. అప్పుడు ఇంకోసారి నొక్కి సరిచేద్దామని వేలు మీట మీదే ఉంచాను.

అతను పక్కకి తల తిప్పాడు. అరవలేదు. నిశ్శబ్దంగా ఉంది కాబట్టి వినబడింది.

"దిగరా" అన్నాడు.

దిగాడు. తెర మీద మైనస్ నూట ముప్ఫై.

తీగ చూశాను. తూకం డబ్బా చూశాను. అక్కడా అంతే. కుంగిన సెన్సారు మనిషి అడుగుకి సర్దుకుని ఉండొచ్చు. అలా జరుగుతుంది. కానీ అన్ని నెలలుగా అన్ని టన్నుల లారీలు ఎక్కి దిగినా సర్దుకోనిది అది. ఎక్కింది డెబ్భై. దిగింది నూట ముప్ఫై. ఎన్నిసార్లు తీసివేసినా నాకు మిగిలేది అరవయ్యే.

కిటికీ అవతల అతను కాటా అంచున నిలబడి ఉన్నాడు. అక్కడికి తెర కనిపించదు.

"దిగాడా సార్?" అని అడిగాడు.

"దిగాడు" అన్నాను. అన్నాక మళ్ళీ మీట నొక్కాను.