తెర మీదికి రాని మా ఊరు

దోహాలో, ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో ఉన్న మా కంపెనీ ఆఫీసులో ఒక సరదా పెట్టారు. గురువారం చాయ్ వేళ ఒక్కొక్కరు తమ ఊరి ఫోటోలు తెర మీద వేసి చెప్పాలి. మొదటి వంతు మా ఇంగ్లీషు ఇంజనీరుది. ఆయనది ఇంగ్లండ్‌లో డరమ్ అనే ఊరు.

నది ఆ ఊరిని మూడువైపులా చుట్టుకుని పారుతుంది. మధ్యలో గుట్ట, గుట్ట మీద వందల ఏళ్లనాటి పెద్ద చర్చి, ఎదురుగా కోట. కింద రాతి వంతెనలు, పడవలు నడిపే కాలేజీ పిల్లలు. చుట్టుపక్కల బొగ్గుగనులన్నీ మూతపడ్డాయట. అయినా ఏడాదికోసారి గనికార్మికుల జెండాలు పట్టుకుని, బ్యాండుతో ఆ చర్చిలోకి వెళ్తారట. "ఈయన మా తాత" అని ఒక మసి మొహం చూపించాడు. ఏ మాత్రం మొహమాటపడలేదు.

మా ఊరూ నది ఒడ్డే, గోదావరి. మా నాన్నా బొగ్గుగనిలోకి దిగినవాడే.

రెండో వంతు నాది. మా ఆఫీసు టీ బాయ్‌ది మా ఊరే. పేరుకే బాయ్, యాభై దాటాయి. గనిలో కాంట్రాక్టు పని పోయాక ఇక్కడికొచ్చాడు. ముందురోజే వాట్సాప్‌లో తన ఫోటో పంపాడు. టోపీకి లైటు, వెనక గోదావరి బ్రిడ్జి.

"ఇది గూడ పెట్టు బిడ్డా. తెల్లోళ్లకు మనూరు సూపెడ్తున్నమని ఇంట్ల చెప్పిన."

"సరే కాకా" అన్నాను.

తీరా ఫోటోలు ఏరుతుంటే మా ఇరుకు క్వార్టర్లు, బొగ్గు లారీలు చూసి నాకే చిన్నతనం అనిపించింది. హైదరాబాద్ చూపించాను. చార్మినార్, హైటెక్ సిటీ, బిర్యానీ. నేనక్కడ ఉన్నది మూడేళ్లు.

"మీ నాన్నగారు ఏం చేసేవారు?" అని ఇంజనీరు అడిగాడు.

"బిజినెస్" అన్నాను. తాత మసి మొహం చూపించినవాడి ముందు!

కాకా ఇస్త్రీ చొక్కా వేసుకుని, ట్రే పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. ఇంకా తెర వైపే చూస్తున్నాడు, తర్వాతి ఫోటో కోసం. లైట్లు వేసి అందరూ చప్పట్లు కొట్టారు. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

కాసేపటికి ఎప్పటిలాగే చక్కెర తక్కువేసి నా టేబుల్ మీద చాయ్ పెట్టాడు. తిట్టినా బాగుండేది.

"మంచిగ చెప్పినవ్ బిడ్డా. గా ఫోటో తీసెయ్యి. ఊకె నీ ఫోన్ల జాగ తింటది."

ఇంతవరకు తీసెయ్యలేదు. ఎవరికీ చూపించనూ లేదు.