అడుగున ఉన్న పోస్టరు

ఆయన జన్మలో పొగ తాగి ఎరగడు. అయినా వీధి వీధంతా ఆయన్ని చుట్టలాయన అనే పిలిచేది. ఎప్పుడు చూసినా చంకలో ఒక కాగితపు చుట్ట ఉండేది మరి, పిలవక ఏం చేస్తారు! చేసేది పుస్తకాల బైండింగు. కోర్టు కట్టలు, బడి లైబ్రరీ పుస్తకాలు, వెన్ను విరిగిన నిఘంటువులు, ఏది తెచ్చిచ్చినా విప్పి, కుట్టి, జిగురు రాసి, బరువు కింద పెట్టి, మళ్ళీ నాలుగు తరాలు బతికేలా చేసి పంపేవాడు. అది పొట్ట కోసం. ప్రాణమంతా మాత్రం పాత సినిమా పోస్టర్ల మీద.

అన్ని సినిమాలవీ కాదు సుమండీ. ఏడుపు సినిమాల పోస్టర్లు ఊరికే ఇస్తామన్నా ముట్టుకునేవాడు కాదు. కత్తియుద్ధాలు, ఓడ మునకలు, గుహలు, నిధులు, కొండచిలువలు ఉండాలి. అదీ సినిమా మొదటిసారి ఆడిన రోజుల్లో అచ్చయిందే కావాలి. ఇప్పుడు నున్నటి కాగితం మీద మళ్ళీ అచ్చేసి అమ్మేవాళ్ళని చూస్తే ఒంటికాలి మీద లేచేవాడు. "అద్దంలో భోజనం చూపించి తినమన్నట్టుంది!" అని కసిరేవాడు. పాతకాగితాల కొట్లు, మూతబడ్డ సినిమా ఆఫీసుల అటకలు, అద్దాల వెనక అతికించిన అట్టలు, ఆయన వెతకని చోటు లేదు. ఇంట్లో జాగా చాలక సగం చుట్టలు మంచం కిందికి చేరాయి.

"మంచం కింద మీ రాక్షసులు, మంచం మీద మీరు. మరి నేనెక్కడ పడుకోను?" అనేది భార్య. ఆయన నవ్వేసి ఊరుకునేవాడు.

ఆ నవ్వు చాలామందికి నచ్చేది. నెమ్మదస్తుడు, ఒకరి జోలికి పోడు, చెల్లెలంటే ప్రాణం పెడతాడు అని చెప్పుకునేవారు. అబద్ధం కాదు. పెళ్ళయిన రెండో ఏడే మొగుణ్ణి వదిలేసి వచ్చిన చెల్లెలికి కుట్టుమిషను కొనిపెట్టింది ఆయనే. దానికి మోటారు పెట్టించిందీ ఆయనే. మూతబడ్డ సినిమా హాలు పక్కన అద్దె చవకని, కుట్టుకోడానికి ఆమెకి ఒక గది చూసిపెట్టిందీ ఆయనే. ఆ గది చూడకపోయినా బాగుండేది. ఇప్పుడనుకుని ఏం లాభం?

గది వెనక గోడకి అవతల హాలు వాళ్ళ సందు ఉంది. హాలు నడిచినన్నాళ్ళూ వచ్చిన ప్రతి సినిమా పోస్టరూ సందువైపు ఆ గోడ మీదే పడింది. పాతది పీకే ఓపిక ఎవరికుంటుంది? మైదా జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపి, పాతదాని మీద కొత్తది, దాని మీద ఇంకోటి అంటించుకుంటూ పోయారు. చివరికి ఆ కాగితాల దొంతర చెక్క పలక మందాన తయారైంది.

హాలు స్థలం ఎవరో కొన్నారని, త్వరలో సందు మూసేస్తారని తెలిసి చుట్టలాయన కాపలాదారు దగ్గరికి వెళ్ళాడు. "కొత్తవాళ్ళొచ్చేలోగా మీ ముచ్చట తీర్చుకోండి సార్" అని ఆ ముసలాయన తాళంచెవి చేతిలో పెట్టాడు. ఆయన దొంతర మూలని బైండింగు కత్తితో కోసి, పొరలు విడదీసి, చివరి పొర దాకా చూశాడు. బొటనవేలంత నీలం రంగు, దాని మీద తాడుని బిగించి పట్టుకున్న పిడికిలి.

ఆ పిడికిలి ఎవరిదో ఆయనకి వెంటనే తెలిసిపోయింది. చిన్నప్పుడు బెంచీ ఎక్కి నిలబడి చూసిన సినిమా అది. లోయ మీద తెగిపోతున్న తాళ్ళ వంతెన, దానికి ఒంటి చేత్తో వేలాడే వీరుడు, కింద నోరు తెరిచిన మొసళ్ళు. ఆ పోస్టరు ఇంకెక్కడా మిగల్లేదని తోటి సేకరణదార్లందరూ ఎప్పుడో ఆశ వదిలేసుకున్నారు. అది ఇన్నేళ్ళూ చెల్లెలి గది గోడకి వీపు ఆనించుకుని ఉంది!

కాగితం సంగతి ఆయనకి చెప్పాలా? పీకితే చిరుగుతుంది. నానబెట్టాలి, అదీ కంగారు లేకుండా. గోడ పొడవునా గోనెసంచులు వేలాడదీసి, తన బైండింగు కొట్టు తెరవకముందోసారి, మూశాక ఓసారి వచ్చి బిందెలతో నీళ్ళు పోసేవాడు. పై పొర మెత్తబడి జారితే తీసేవాడు, కిందిది నానబెట్టేవాడు. నీళ్ళు కాగితాన్ని ఏం చేస్తాయో ఆయనకి తెలిసినంత ఇంకెవరికీ తెలీదు. గోడనేం చేస్తాయన్నది ఆయన బుర్రకి తట్టనే లేదు. తట్టదు కూడా. బైండరుకి గోడంటే కాగితం వెనకుండే అట్టే కదా!

మొదట చెల్లెలే చూసింది.

"అన్నయ్యా, ఈ గోడేంటి ఇలా చెమర్చింది? వాన చినుకైనా లేదే!"

ఆయన నీళ్ళు నమిలాడు. "పాత గోడ కదమ్మడూ. వయసు మీద పడితే అంతే."

"అలాగైతే ముందు నీకు పట్టాలి చెమటలు" అని నవ్వింది. ఆయనా నవ్వాడు. కానీ చొక్కా లోపల వీపు నిజంగానే తడిసింది.

చెమ్మ కిటికీ ఎత్తుకి పాకింది. సున్నం ఉబ్బి పెచ్చులు పెచ్చులుగా రాలడం మొదలెట్టింది. గోడలో కాపురమున్న చీమలు గుడ్లు నోట కరుచుకుని బారులు తీరి గుమ్మం దాటి వెళ్ళిపోయాయి. చెల్లెలు వాటిని చూసి, "చూడు, అద్దె కట్టకుండా ఖాళీ చేసి పోతున్నాయి" అంది. మిషను ఆపినప్పుడల్లా గోడ లోపలెక్కడో సన్నగా మట్టి రాలుతున్న చప్పుడు వినిపిస్తోందని కూడా చెప్పింది. ఆయన చెవి ఆనించి విన్నాడు. వినపడింది. "ఎలకలై ఉంటాయిలే" అన్నాడు.

చివరికి చెల్లెలే తాపీమేస్త్రీని పిలిపించింది. మేస్త్రీ తాపీ పిడితో గోడని అక్కడా ఇక్కడా తట్టి చూశాడు. ఒక పెచ్చు ఊడదీసి, ఇటుకల మధ్య వేలు పెట్టి తిప్పి, ఆ వేలు అన్నాచెల్లెళ్ళిద్దరికీ చూపించాడు. నల్లటి బురద.

"ఇది సిమెంటు కట్టుబడి కాదమ్మా, మట్టితో కట్టింది. పొడిగా ఉన్నన్నాళ్ళూ రాయిలా ఉంటుంది. తడిసిందా, బురదే. ఇలాగే నీళ్ళు తాగితే నీ మీదికే వస్తుంది. నీళ్ళెక్కడివో ముందు అది చూడాలి. అవతలేముంది?"

"సందు" అంది చెల్లెలు.

"చూద్దాం పదండి."

"తాళమేసుంది" అన్నాడు చుట్టలాయన. "తాళంచెవి ఎవరి దగ్గరుందో ఏంటో."

తాళంచెవి ఆయన జేబులోనే ఉంది. ఆ ముక్క అంటున్నప్పుడు ఆయన చెయ్యి ఆ జేబు మీదే ఉంది కూడా. ఛీ, ఏం మనిషండీ అనిపిస్తుంది నాకు! అక్కడ ఒక్క మాట, "నేనే పోస్తున్నానమ్మా" అన్న ఒక్క మాట చాలు. అంటే ఏమవుతుంది? మేస్త్రీ గోనెలు పీకి పారేస్తాడు, చెల్లెలు నాలుగు తిట్లు తిడుతుంది, గోడ ఆరిపోతుంది. పోస్టరు మాత్రం కొత్త ఆసాముల పాలవుతుంది. ఆ చివరిదే ఆయనకి మింగుడు పడలేదు. ఇక రెండు మూడు పొరలే మిగిలున్నాయి.

"ఆసరా పెట్టడానికి దుంగలు తీసుకుని ఎల్లుండొస్తా. అందాకా గోడ దగ్గర కూర్చోకమ్మా" అని చెప్పి మేస్త్రీ వెళ్ళిపోయాడు.

"ఆయన చెప్పాడుగా, మిషను ఆ మూలకి జరుపుకోవే" అన్నాడు అన్న.

"జరిపితే? ప్లగ్గు ఇక్కడ, కిటికీ వెలుతురు ఇక్కడ. ఆ మూల సూదిలో దారం కూడా కనపడి చావదు. ఎల్లుండొస్తాడుగా. అంత భయమైతే నువ్వొచ్చి పట్టుకో గోడని."

"అది కాదమ్మడూ..."

"ఏది కాదు?"

"ఏం లేదు. జాగ్రత్త" అని వచ్చేశాడు. ఆ పూట అన్నం సయించలేదు. ఒళ్ళు బాగాలేదా అని భార్య నుదురు తాకి చూసింది. బాగానే ఉందన్నాడు. మేస్త్రీ రాకముందే పని ముగించేస్తే ఇక నీళ్ళతో పనేముంది, గోడ దానంతటదే ఆరుతుంది అని తనకి తానే సర్ది చెప్పుకున్నాడు. మర్నాడు కొట్టు తెరవలేదు. పొద్దున్నే సందులోకి వెళ్ళి, ఎప్పటికన్నా ఎక్కువగా నీళ్ళు గుమ్మరించాడు.

మిగిలిన పొరలు ఒకేసారి జారి కింద పడ్డాయి. ఆకాశం, తాళ్ళు, పిడికిలి, వీరుడి పళ్ళ మధ్య కత్తి, మొసలి నోటి ఎరుపు, అన్నీ నిన్న అచ్చేసినట్టు నిగనిగలాడుతూ బయటపడ్డాయి. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. భోరున ఏడవాలన్నంత ఆనందం వేసింది పాపం.

తడి పోస్టరుని ఊడదీయడంలో ఆయనకి ఒక పద్ధతి ఉంది. ఊడిన చోట పొడిగుడ్డ పరిచి, గుడ్డతో సహా రేకు గొట్టం మీద చుట్టుకుంటూ పోవాలి. రెండు చేతులూ గొట్టం మీదే ఉంటాయి కాబట్టి గుడ్డ కొస పళ్ళ మధ్య బిగబట్టుకోవాలి. మధ్యలో వదిలితే కాగితం తన బరువుకి తానే రెండుగా చిరుగుతుంది. ఆ పద్ధతిలోనే మొదలెట్టాడు. అవతల చెల్లెలి మిషను చప్పుడు వినిపిస్తూనే ఉంది.

సగం ఊడేసరికి దాని వెనక సున్నం కూడా ఊడి వచ్చింది. ఇటుకలు కనపడ్డాయి. వాటి మధ్య మట్టి పేస్టులా కారుతోంది. చూస్తుండగానే ఒక వరస ఇటుకలు అవతలివైపుకి కాస్త జరిగాయి. ఇన్నేళ్ళూ ఆ గోడని పట్టి నిలబెట్టింది తను ఊడదీసిన కాగితాల పలకేనని అప్పుడు అర్థమైంది ఆయనకి.

పళ్ళ మధ్య గుడ్డ వదిలేసి, "అమ్మడూ!" అని గావుకేక పెట్టాడు.

మిషను ఆగింది. "ఆఁ... ఏంటన్నయ్యా?"

గుడ్డ వదిలేశాడు కదా, పోస్టరు జారింది. పై అంచున సన్నగా చిరుగు మొదలైంది. ఆయన చటుక్కున గుడ్డ కొస మళ్ళీ పళ్ళతో అందుకున్నాడు. అనుకుని చేసింది కాదు. ఇన్నేళ్ళ అలవాటు, నోరు దాని పని అది చేసుకుపోయింది. ఇంకొంచెమే ఉంది, చుట్టేసి చెబుదాం అనుకున్నాడు. చేతులు గొట్టాన్ని తిప్పాయి. అవతల మిషను మళ్ళీ మొదలైంది. చేతులు తిప్పుతూనే ఉన్నాయి. పోస్టరు చిట్టచివరి అంచు గోడని వదిలి చుట్టలోకి చేరింది. అప్పుడు గుడ్డ ఉమ్మేసి, "బయటికి రా!" అని అరిచాడు. కానీ అప్పటికే గోడ అవతలికి ఒరిగిపోయింది. ఆ చప్పుడులో ఆయన అరుపు ఆయనకే వినపడలేదు.

దుమ్ములో పడి, దొరికిన ఇటుకనల్లా గోళ్ళూడేలా లాగి విసిరాడు. వీధంతా పరుగెత్తుకొచ్చింది. చెల్లెల్ని బయటికి తీసేసరికి ఊపిరి ఉంది. కుడి చెయ్యి మాత్రం మిషను కింద నలిగిపోయింది. ఆస్పత్రిలో మణికట్టు దగ్గర తీసేశారు.

మూడోనాటికి ఆమె మాట్లాడే స్థితికి వచ్చింది. మంచం పక్క స్టూలు మీద కూర్చున్నాడు అన్న. గదిలో ఇంకెవరూ లేరు. కాపలాదారు ముసలాయన వస్తూ వస్తూ సందులో ఉండిపోయిన చుట్టని భద్రంగా తెచ్చి, "తడవకుండా తెచ్చాను సార్" అని మూలన నిలబెట్టి వెళ్ళాడు. దాన్ని బయట పారేసే ధైర్యమూ లేక, ముట్టుకునే ధైర్యమూ లేక అలాగే ఉంచేశాడు ఈయన. చెల్లెలు కట్టు కట్టిన చేతినీ, మూలనున్న చుట్టనీ చాలాసేపు చూసింది.

"నువ్వు పిలిచావు" అంది.

"ఊఁ."

"మిషను ఆపాను. పలికాను కూడా. మళ్ళీ ఏమీ అనలేదు నువ్వు. ఊరికే పిలిచావేమోననుకుని మళ్ళీ కుట్టుకోవడం మొదలెట్టా. ఎందుకన్నయ్యా, ఇంకోసారి పిలవలేదు?"

ఇక అబద్ధం చెప్పే ఓపిక కూడా ఆయనకి లేకపోయింది. "నోట్లో గుడ్డ ఉందమ్మడూ. చిరిగిపోతుందేమోనని... చుట్టుకుంటున్నా."

"చుట్టడానికి ఎంతసేపు పడుతుంది?"

"ఎంతోసేపు పట్టదే. కాసేపు."

ఆమె తల దిండు మీద అటువైపు తిప్పుకుంది.

"నేను లేచి గుమ్మం దాటడానికి కూడా కాసేపే పట్టేదన్నయ్యా."